దేవుడి నీళ్లకూ లెక్క ఉండాలి

ఉత్తరాంధ్రలో పెద్ద దేవుళ్ల కథలు చాలావరకు నీటి దగ్గరే మొదలవుతాయి. ఇంద్రుడు వజ్రాయుధంతో తవ్విన చోట సూర్యనారాయణస్వామి విగ్రహం బయటపడిందనీ, ఆ తవ్విన చోటే ఇంద్ర పుష్కరిణి అయిందనీ అరసవల్లి స్థలపురాణం చెబుతుంది. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్నను పోగొట్టుకుని కన్నుమూసిన పైడితల్లి, పెద్ద చెరువులో విగ్రహమై దొరికిందని విజయనగరం నమ్ముతుంది. రామతీర్థంలోని సీతారామలక్ష్మణులు కూడా నీటిలో దొరికినవారేనంటారు. కరువుతో అల్లాడుతున్న జనం మొరపెట్టుకుంటే బలరాముడు నాగలితో నేల చీల్చి నాగావళిని పారించాడనీ, ఆ ఒడ్డునే శ్రీకాకుళంలో కోటేశ్వరుణ్ని ప్రతిష్ఠించాడనీ మరో కథ. శ్రీకూర్మంలో స్వామి రూపమే తాబేలు.

ఈ కథలు చెప్పుకునే ఊళ్లే ఎండాకాలం వస్తే బిందెలతో వరసల్లో నిలబడతాయి. శివరాత్రి దాటిన కొన్ని వారాలకే నూతుల్లో చేదకు బురద తగులుతుంది. బోరింగు ఎంత కొట్టినా సన్నటి ధారే వస్తుంది. ఏటి ఇసుకలో చెలమ తీసి, నీరు ఊరేదాకా పక్కన కూర్చుని, గిన్నెతో తోడి బిందె నింపుకోవడం ఈ ప్రాంతపు ఆడవాళ్లకు తరాలుగా అలవాటైన పని. అదే ఊళ్లో గుడి మీది ట్యాంకు నిండి పొర్లి, ఆ నీరు గోడ వెంట కాలువలోకి పోతుంటే మోటారు కట్టేవాళ్లు ఉండరు. కాళ్లు కడుక్కునే చోట కుళాయి సగం తిప్పి వదిలేసి భక్తులు లోపలికి వెళ్లిపోతారు. అది ఎవరూ చెడుబుద్ధితో చేసేది కాదు. గుడి నీళ్లు అందరివీ కాబట్టి, వాటి బాధ్యత ఎవరిమీదా పడలేదు.

గుడి, మసీదు, చర్చి ఏదైనా సరే, అక్కడికి వచ్చే నీరెంత, వాడేదెంత, వృథాగా పోయేదెంత అని ఏటేటా లెక్క తీసి, ఆ లెక్క ఊరి ముందు పెట్టాలి. ఈ కథనం అడిగేది అంతే.

వానకు కొదవ లేదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏడాదికి సగటున 1,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అనంతపురం వర్షపాతానికి ఇది దాదాపు రెట్టింపు. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి చెరో 250 కిలోమీటర్ల దాకా ప్రయాణించి, ఒకటి కళింగపట్నం దగ్గర, మరొకటి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. చంపావతి, గోస్తని, సువర్ణముఖి, వేగావతి, మహేంద్రతనయ, లెక్కలేనన్ని గెడ్డలు వీటికి అదనం. చెరువుల సంఖ్యలో కూడా ఈ జిల్లాలు రాష్ట్రంలో ముందువరసలోనే ఉంటాయి.

ఇన్ని ఉన్నా కష్టం తీరకపోవడానికి కారణాలు నేలలోనూ, వాన పడే తీరులోనూ ఉన్నాయి. ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. ఇక్కడి నదులు పొట్టివి. కొండ దిగిన వరద ఒకటి రెండు రోజుల్లో సముద్రం చేరుతుంది. పడమటి మెట్ట ప్రాంతమంతా ఖోండలైట్ వంటి గట్టిరాయి. పైపొరలో, పగుళ్లలో పట్టినంత నీరే దాస్తుంది, అది ఎండాకాలం నడిమికి అయిపోతుంది. తీరం వెంబడి ఇసుక నేలల్లో తియ్యటి నీరు పైపైనే ఉంటుంది. అతిగా తోడితే కిందినుంచి, సముద్రం వైపునుంచి ఉప్పు ఎక్కుతుంది. ఆనకట్టలు, రిజర్వాయర్లు వచ్చాయి. నాగావళి మీద తోటపల్లి పాత రెగ్యులేటరు 1908 నాటిది. వంశధార మీద గొట్టా బ్యారేజీ ఉంది. వంశధార నీటి పంపకంపై ఒడిశాతో తగవు తేల్చడానికి 2010లో ట్రైబ్యునల్ వేశారు. ఇవన్నీ ముఖ్యంగా సేద్యం కోసం. వీధి చివరి ఇంటి బిందె కథ వేరు.

శ్రీకాకుళం పట్టణం తాగేది నాగావళి ఇసుకలోని ఊటబావుల నీరు. విజయనగరం పట్టణానికి చంపావతి నుంచి నెల్లిమర్ల, రామతీర్థం పథకాల ద్వారా, గోస్తని నుంచి ముషిడిపల్లి పథకం ద్వారా నీరు వస్తుంది. రామతీర్థాన్నే చూడండి. రాముణ్ని చూడటానికి జనం వెళ్లేదీ అక్కడికే, పట్టణం తాగునీటి కోసం చెయ్యి చాపేదీ అక్కడికే. పుణ్యక్షేత్రమూ ఊరి దాహమూ ఒకే నేలలోని నీటిని పంచుకుంటున్నప్పుడు, ఒకరు ఎంత తోడుతున్నారో రెండోవారికి తెలియాలి కదా.

అఖండ దీపానికి లెక్క రాసిన నేల

దేవుడి దగ్గర లెక్కలేమిటి, అది అపచారం కాదా అని అడిగేవారున్నారు. వారిని శ్రీముఖలింగం, శ్రీకూర్మం గోడల దగ్గరికి తీసుకువెళ్లాలి. వంశధార ఒడ్డున తూర్పు గంగుల రాజధాని కళింగనగరం వెలిగిన శ్రీముఖలింగంలో మధుకేశ్వరస్వామి గుడి రాళ్ల నిండా శాసనాలే. శ్రీకూర్మనాథుని మండప స్తంభాల మీదా అంతే. వాటిలో ఎక్కువ భాగం అఖండ దీపాల దానాలు. ఎవరు ఇచ్చారు, ఎన్ని మాడలు ఇచ్చారు, దీపం ఆరకుండా చూసే బాధ్యత ఎవరిది అని తరతరాలు చదువుకునేలా రాతిమీద చెక్కించారు. దేవుడి సొమ్ముకు పదిమందీ చూసేచోట లెక్క పెట్టడం ఇక్కడ వెయ్యేళ్ల సంప్రదాయం.

ఆ సంప్రదాయం డబ్బు విషయంలో నేటికీ సాగుతోంది. 1987 నాటి దేవదాయ చట్టం ప్రకారం ఆలయాలకు ఆదాయాన్ని బట్టి తరగతులు పెట్టారు. హుండీ తెరిస్తే అధికారులు, సిబ్బంది, సేవకులు అందరి ఎదుట నాణేలు సహా లెక్కబెట్టి ఎంత వచ్చిందో ప్రకటిస్తారు. బంగారం, వెండి గ్రాముల్లో తూస్తారు. కొబ్బరి చిప్పలకూ తలనీలాలకూ వేలం పాడి సొమ్ము జమ కడతారు. బోరు నుంచి పైకి వచ్చే నీటికి మాత్రం ఇలాంటి పుస్తకం ఒకటి ఉండాలని అడిగేవారు అరుదు. బోరుకు మీటరు ఉండదు. మోటారు ఎన్ని గంటలు తిరిగిందో కరెంటు బిల్లులో పరోక్షంగా తప్ప ఎక్కడా కనబడదు. హుండీలో పడిన రూపాయి భక్తుడిది. బోరులోంచి వచ్చిన నీరు ఊరందరిదీ. రెండో దానికి ఇంకా గట్టి లెక్క ఉండాలి.

అభిషేకం నీళ్లు ఎన్ని, వృథా నీళ్లు ఎన్ని

నీటి ఆడిట్ అనగానే అర్చకులకు ఒక భయం కలుగుతుంది. అభిషేకం తగ్గించమంటారేమో, తీర్థానికి కొలత పెడతారేమో అని. చిన్న కూడికలు, గుణకారాలు చేస్తే ఆ భయం పోతుంది.

వానలు రానప్పుడు శివాలయాల్లో సహస్ర ఘటాభిషేకం చేయడం మన ఊళ్లలో ఆనవాయితీ. ఊరంతా కదిలి వెయ్యి బిందెలు స్వామి మీద పోస్తుంది. బిందెకు 10 లీటర్లు వేసుకుంటే మొత్తం 10,000 లీటర్లు. ఇప్పుడు కాళ్లు కడుక్కునే చోట కారుతున్న ఒక్క కుళాయి కింద లీటరు సీసా పెట్టండి. పది నిమిషాల్లో సీసా నిండితే, ఆ కుళాయి రోజుకు 144 లీటర్లు పారబోస్తోందన్నమాట. ఏడాదికి 52,560 లీటర్లు. అంటే, వాన కోసం ఊరంతా కలిసి చేసే సహస్ర ఘటాభిషేకాలు ఐదింటికి సరిపోయే నీటిని, వాషరు అరిగిన ఒక్క కుళాయి కాలువ పాలు చేస్తోంది.

ట్యాంకు పొర్లడం ఇంకా పెద్ద నష్టం. నిమిషానికి 100 లీటర్లు ఎత్తే మోటారు, ట్యాంకు నిండాక రోజూ అరగంట అదనంగా తిరిగితే 3,000 లీటర్లు నేలపాలు. తలకు 55 లీటర్ల చొప్పున ఇవ్వాలన్నది జల జీవన్ మిషన్ ప్రమాణం. ఆ ప్రకారం అది 54 మందికి ఒక రోజు సరఫరా. ఫ్లోట్ వాల్వు బిగిస్తే ఆగిపోయే నష్టమిది.

గుడిలో నీటి ఖర్చును విడగొట్టి చూస్తే గర్భాలయం వాటా చాలా చిన్నది. పెద్ద వాటా చుట్టూ ఉన్న సౌకర్యాలది. కేశఖండన శాల, స్నానాల గదులు, మరుగుదొడ్లు, అన్నదానం వంటశాల, విస్తళ్ల బదులు వచ్చిన స్టీలు కంచాల కడుగుడు, మండపాల కడుగుడు, గోశాల, పూలతోట. కాబట్టి ఆడిట్ జరగాల్సింది గర్భగుడి బయట. శాస్త్రం చెప్పిన ఒక్క చెంబు కూడా తగ్గించనక్కర్లేదు.

జాతర రోజుల్లో లెక్క మారిపోతుంది. అరసవల్లి రథసప్తమికి జనం లక్షల్లో వస్తారు. 2025లో ఆ ఉత్సవాన్ని రాష్ట్ర పండుగగా జరిపారు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరం వీధులు పట్టనంత జనం. ఒక్కొక్కరికి తాగడానికి, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, మరుగుదొడ్డికి కలిపి 10 లీటర్లే అనుకున్నా, లక్ష మందికి 10 లక్షల లీటర్లు కావాలి. వెయ్యి మంది ఉండే ఊరికి అది 18 రోజుల నీరు, 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 200. ఆ నీరు ఏ బోర్ల నుంచి వచ్చింది, ఆ రోజుల్లో చుట్టుపక్కల వీధుల కుళాయిలు నడిచాయా, వాడిన నీరు ఎక్కడికి పోయింది అన్న మూడు ప్రశ్నలకు పండుగ మర్నాడు కాగితం మీద జవాబు ఉంటే, మరుసటి ఏడాది ఏర్పాట్లు ఊహల మీద కాకుండా అంకెల మీద నడుస్తాయి.

పుష్కరిణికి దారులు మూసుకుపోయాయి

పాతకాలంలో గుడి కట్టినవారు పక్కనే కోనేరు తవ్వింది స్నానానికి మాత్రమే కాదు. గుడి ప్రాకారం మీద, చుట్టుపక్కల మిట్ట మీద పడిన వాన అందులోకి దిగేది. అది నేలలోకి ఇంకి చుట్టూ ఉన్న నూతుల్లో ఊట నిలిపేది. శ్రీకూర్మం శ్వేత పుష్కరిణి, అరసవల్లి ఇంద్ర పుష్కరిణి, మందస వాసుదేవ పెరుమాళ్ గుడి కోనేరు, విజయనగరంలో పెద్ద చెరువు, అయ్యకోనేరు అన్నీ ఆ ఏర్పాటులో భాగాలే.

ఊళ్లు పెరిగేకొద్దీ ఇలాంటి కోనేళ్లకు మూడు ఆపదలు వచ్చాయి. మొదటిది, నీరు వచ్చే దారులు పోవడం. సిమెంటు రోడ్డు మిట్టగా లేచింది, ఇళ్లు లేచాయి, వాన నీరు కోనేటి మెట్ల వైపు కాక మురుగు కాలువ వైపు పోతోంది. రెండోది, బాగుచేయడం పేరుతో అడుగునా పక్కలా సిమెంటు పూయడం. నీరు ఇంకదు, ఊట రాదు. ఎండాకాలంలో బోరు వేసి నింపాల్సి వస్తుంది. చుట్టుపక్కల నూతులను నింపిన కోనేరే చివరికి వాటి నీటిని తాగుతోంది. మూడోది మురుగు, పూజాద్రవ్యాలు, ప్లాస్టిక్ సంచులు, రంగుల విగ్రహాలు.

కాబట్టి పుష్కరిణి ఆడిట్ వేరుగా ఉండాలి. ఇది ఎక్కడి నుంచి నిండాలి, ఇప్పుడు ఎక్కడి నుంచి నిండుతోంది, అడుగు ఇంకుతోందా, నీటిలో ఏముంది అన్నవి అందులో తేలాలి. శ్రీకూర్మంలో శ్వేత పుష్కరిణిలో అస్థికలు కలపడానికి దూరాల నుంచి వస్తారు. ఆ నమ్మకాన్ని గౌరవిస్తూనే, కలిపే చోటును విడిగా ఏర్పరచి, అక్కడి నీటిని క్రమం తప్పకుండా పరీక్షించవచ్చు. కార్తీకంలో అరటి దొప్పల్లో వదిలే దీపాలను మర్నాడే ఏరితే నీటికి చేటు ఉండదు. ప్లాస్టిక్ దొన్నెలనైతే గుడి వాకిట్లోనే ఆపాలి.

వానను పట్టుకోవడానికి గుడికున్నంత వీలు ఊళ్లో మరెవరికీ లేదు. 500 చదరపు మీటర్ల కల్యాణ మండపం కప్పు మీద ఏడాదిలో 1,100 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో 5వ వంతు పోయినా 4 లక్షల 40 వేల లీటర్లు చేతికొస్తుంది. సత్రం, అన్నదాన భవనం, కార్యాలయం కలిపితే ఇంకా ఎక్కువ. రాతి గుడుల మీద పైపులు బిగించనక్కర్లేదు. ముఖలింగం వంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, అక్కడ మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. కొత్తగా కట్టిన సిమెంటు కప్పులు చాలు. 2002 నాటి వాల్టా చట్టం భూగర్భ జలాలను కాపాడాలనీ, వాన నీటిని ఇంకించాలనీ చెబుతూనే ఉంది. 2003లో తమిళనాడు ఇంటింటా వాన నీటి సేకరణను తప్పనిసరి చేసినప్పుడు చెన్నైలో ఆలయ కోనేళ్లకు వాన నీటిని మళ్లించే పనులు కూడా ఊపందుకున్నాయి. చెన్నై చేసినది శ్రీకాకుళం చేయలేకపోవడానికి కారణం కనబడదు.

గుర్ల చెప్పింది, ఉద్దానం చెబుతోంది

లెక్క అంటే లీటర్లు మాత్రమే కాదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి వందల మంది మంచాన పడ్డారు, పలువురు చనిపోయారు. తాగునీరు కలుషితం కావడం వైపే వేళ్లు చూపాయి. ఉప ముఖ్యమంత్రి సహా పలువురు నేతలు అక్కడికి వచ్చి వెళ్లారు. నీటిని పరీక్షించడమన్నది ప్రాణాలు పోయాక కాక ముందే జరగాల్సిన పని అని గుర్ల చెప్పింది. వేల మందికి ఒకే పూట వడ్డించే అన్నదాన శాలకు ఈ మాట మరింత వర్తిస్తుంది. బోరుకూ మరుగుదొడ్డి గుంటకూ మధ్య ఎంత దూరం ఉంది, ట్యాంకు ఎప్పుడు కడిగారు, క్లోరిన్ కలుపుతున్నారా అన్నవి ఏ ఆడిట్‌లోనైనా తొలి పేజీలో ఉండాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కష్టం ఇంకా లోతైనది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇళ్లను గుల్ల చేస్తోంది. కారణం ఇదీ అని వైద్య శాస్త్రం ఇంకా కచ్చితంగా తేల్చలేదు. జనం అనుమానం మాత్రం నూతి నీటి మీదే. హిరమండలం రిజర్వాయరు నుంచి సుమారు 700 కోట్ల రూపాయల ఖర్చుతో పైపుల ద్వారా నీరిచ్చే పథకాన్ని, పలాసలో కిడ్నీ పరిశోధన ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు. తాగే చెంబును అనుమానంగా చూడాల్సిన చోట, గుడిలో తీర్థానికి వాడే నీరు ఏ నూతిది, ఎప్పుడు పరీక్షించారు, ఏం తేలింది అన్న కాగితం ఆలయం గోడ మీద అంటించి ఉంటే అది భక్తుడికి పెద్ద ధైర్యం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇదే ప్రాంతాన్ని కూల్చినప్పుడు కరెంటు లేక మోటార్లు ఆగి, తాగునీటికి జనం రోజుల తరబడి విలవిల్లాడారు. చేదతో తోడుకోగల మంచి నుయ్యి, కప్పు మీది వాన నీటి తొట్టి ఉన్న గుడి అలాంటి వేళ ఊరికంతటికీ ఆధారమవుతుంది.

నీటి కోసం నిలబడటం ఈ జనానికి కొత్త కాదు. 2010 జూలైలో సోంపేట బీల భూముల్లో థర్మల్ విద్యుత్తు కేంద్రం వద్దని రైతులూ మత్స్యకారులూ ఎదురు నిలిచారు. కాల్పుల్లో ప్రాణాలు పోయినా వెనక్కి తగ్గలేదు. ఒక తడి నేల కోసం అంత చేసిన జనానికి, గుడి కుళాయి లెక్క తీయడం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

వజూ నీళ్లు, బాప్తిస్మపు తొట్టి

శ్రీకాకుళం ఫౌజుదారుల కాలం నుంచీ ఈ నేల మీద మసీదులున్నాయి. విజయనగరంలో ఖాదర్ వలీ బాబా దర్గాకు అన్ని మతాలవారూ వెళతారు. కెనడియన్ బాప్టిస్టు మిషన్ నాటి నుంచి శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం చర్చిలకు పెద్ద సంఘాలున్నాయి. నీటి లెక్క గుడికే పరిమితమైతే అది సగం లెక్క.

మసీదులో నమాజుకు ముందు రోజుకు ఐదుసార్లు వజూ చేస్తారు. పారే ఏటి పక్కన ఉన్నా నీరు వృథా చేయరాదన్నది ఇస్లాం బోధ. ప్రవక్త వజూకు లీటరు కూడా పట్టని కొద్దిపాటి నీరే వాడేవారని ముస్లింలు చెప్పుకుంటారు. ధారగా తిప్పిన కుళాయి కింద ఒక మనిషి వజూకు అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. చెంబుతో చేసే పాత పద్ధతికో, సన్నటి ధార ఇచ్చే కుళాయికో మారితే బోధా నిలుస్తుంది, నీరూ మిగులుతుంది. వజూ నీటిలో సబ్బు ఉండదు, కాబట్టి తేలిగ్గా వడకట్టి చెట్లకూ మరుగుదొడ్లకూ వాడుకోవచ్చు. బాప్టిస్టు చర్చిల్లో మునక బాప్తిస్మానికి తొట్టి నింపుతారు. ఆ నీటిని తర్వాత కాలువలోకి వదలకుండా కొబ్బరి మొక్కలకు మళ్లించడానికి ఒక గొట్టం చాలు. మహాసభలకు వేల మంది చేరే మైదానాల్లో కూడా ముందు చెప్పిన జాతర లెక్కే వర్తిస్తుంది.

ఊరి దేవతల సంబరాల్లో పసుపు నీళ్లు, వేపాకులతో ఆడవాళ్లు ముర్రాటలు పోస్తారు. అమ్మవారు చల్లబడితే ఊరు చల్లబడుతుందని నమ్మకం. గట్టు మీద వేప మొక్కలు నాటి, ఆ పసుపు నీరు వాటి పాదుల్లోకి దిగేలా వాలు కడితే ముర్రాట నీరు ఒక్క చుక్క కూడా దారి మీద పోదు.

ఒక బకెట్, ఒక గడియారం, ఒక పుస్తకం

నీటి ఆడిట్ అంటే పెద్ద సంస్థలు, పెద్ద బిల్లులు అనుకోనక్కర్లేదు. మొదటి విడతకు కావలసినవి కొలత తెలిసిన బకెట్, గడియారం, గీతల పుస్తకం.

ముందుగా వనరులు రాసుకోవాలి. బోర్లెన్ని, నూతులెన్ని, పంచాయతీ లేదా మున్సిపల్ కుళాయి ఉందా, ట్యాంకర్లు ఎప్పుడు తెప్పిస్తారు. తర్వాత ప్రతి మోటారూ బకెట్‌ను ఎన్ని సెకన్లలో నింపుతుందో చూసి, రోజుకు ఎన్ని గంటలు తిరుగుతుందో రాస్తే వచ్చే నీరు తేలుతుంది. ఆ తర్వాత వాడకం. వంటశాల, కేశఖండన శాల, స్నానాలు, మరుగుదొడ్లు, కడుగుడు, తోట, గోశాల, అభిషేకం ఒక్కొక్కటీ విడిగా. మామూలు రోజు ఒకటి, ఆదివారమో సోమవారమో రద్దీ రోజు ఒకటి, జాతర రోజు ఒకటి కొలవాలి. వచ్చిన దానికీ వాడిన దానికీ తేడా ఎంతో, అదే కారిపోయిన నీరు.

రాత్రి పరీక్ష అన్నిటికన్నా నిజం చెబుతుంది. గుడి మూశాక ట్యాంకులో నీటి మట్టం గీత గీసి, తెల్లవారుజామున తెరవకముందు మళ్లీ చూడాలి. ఎవరూ వాడని వేళ మట్టం దిగిందంటే పైపు ఎక్కడో పగిలిందన్నమాట. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. ఈ పరీక్ష చేస్తే పల్లం ఎటో, నిజం ఏమిటో మనకూ తెలుస్తుంది.

నెలకోసారి నూతిలోకి ముడులు వేసిన తాడు దించి నీటి లోతు రాయాలి. మే నెల అంకె, నవంబరు నెల అంకె పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఏడాది వానలో మనం ఎంత నిలుపుకున్నామో కొంతైనా తెలుస్తుంది. ఏడాదికి రెండుసార్లు నీటి నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాలి.

ధూపదీప నైవేద్య పథకం సాయంతో ఒక్క అర్చకుడు నెట్టుకొస్తున్న చిన్న గుడి మీద ఈ భారం వేయడం అన్యాయం. అక్కడికి గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు, పొదుపు సంఘం ఆడవాళ్లు వెళ్లి ఒక పూటలో ముగించవచ్చు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో గురజాడ పేరిట జేఎన్టీయూ ఉంది. అక్కడి విద్యార్థులకు ఇంతకు మించిన ప్రాజెక్టు ఏముంటుంది? పెద్ద ఆలయాలు బోర్లకు మీటర్లు పెట్టి, హుండీ లెక్కతో పాటే నీటి లెక్కనూ ప్రకటించాలి. కోనేటి పూడికకు, నీరు వచ్చే దారుల తవ్వకానికి ఉపాధి హామీ పనులను వాడుకోవాలి.

ఇది అయ్యే పనే అనడానికి రాష్ట్రం దాటి వెళ్లక్కర్లేదు. 2024 ఆగస్టులో వానలు తగ్గినప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం తన నీటి లెక్కను భక్తుల ముందు పెట్టింది. కొండ మీద రోజుకు 43 లక్షల గ్యాలన్లు కావాలి, అందులో 18 లక్షలు కొండ మీది జలాశయాల నుంచి, మిగతాది కిందినుంచి వస్తోంది, ఉన్న నిల్వ మరికొన్ని నెలలకే సరిపోతుంది, పొదుపు చేయండి అని చెప్పింది. ఆ ప్రకటన వల్ల స్వామి వైభవానికి లోటు రాలేదు. రోజుకు వేలాది మంది వచ్చే కొండ మీద తీయగలిగిన లెక్క అరసవల్లిలో, శ్రీకూర్మంలో, రామతీర్థంలో, సంగాంలో, రావివలస ఎండల మల్లికార్జునుడి దగ్గర ఎందుకు తీయలేం?

వీధి చివరి కుళాయి కోసం

పొలాలకూ ఫ్యాక్టరీలకూ పోయే నీటితో పోలిస్తే గుళ్లూ మసీదులూ చర్చిలూ వాడేది ఎంత, వీటి వెంట పడటం దేనికి అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జిల్లా మొత్తం మీద చూస్తే వాటి వాటా చిన్నదే. కానీ నేల కింద నీరు జిల్లా సరిహద్దులు చూసి పారదు. గుడి బోరు పక్క వీధి నూతి నుంచే లాగుతుంది. ఆ వీధి వరకు అది చిన్న వాటా కాదు. రెండో కారణం ఇంకా పెద్దది. అధికారి చెబితే వినని ఊరు దేవుడి వాకిట్లో చూసిన పద్ధతిని ఇంటికి తీసుకువెళుతుంది. చెప్పులు బయట విడిచి వెళ్లాలని ఎవరికీ చట్టం నేర్పలేదు. కుళాయి కట్టి వెళ్లాలన్నది కూడా అక్కడే అలవాటు కావాలి.

వచ్చే మే నెలలో నూతులు అడుగంటినప్పుడు మొదటి కొలత తీద్దాం. తొలకరి లోపల కారే కుళాయిలు బిగించి, మండపాల కప్పుల నీటిని ఇంకుడు గుంతలకు మళ్లిద్దాం. కార్తీకానికి కోనేళ్ల దారులు తెరుద్దాం. రథసప్తమి నాటికి మొదటి ఏడాది లెక్క ప్రతి ఆలయం, మసీదు, చర్చి గోడ మీద ఊరందరూ చదివేలా ఉండాలి. ధర్మకర్తలు, ముతవల్లీలు, సంఘ పెద్దలు ఇది తమ సేవలో భాగమని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే భక్తులే అడగాలి. దేవుడి ఇంట్లో మిగిలిన ప్రతి బిందె వీధి చివర వరసలో నిలబడిన ఆడపడుచుకు చేరాలి. ఆమె ఇప్పటికే చాలా తరాలుగా నిలబడి ఉంది.